పెట్టుబడికి ముందు పరపతి

తెలుగులో 'పరపతి' అన్న మాటకు రెండర్థాలున్నాయి. నలుగురిలో ఒక మనిషి మాటకున్న చెల్లుబాటును పరపతి అంటారు. అడిగినచోట అప్పు పుట్టడాన్నీ, ఆ అప్పునిచ్చే ఏర్పాటునూ కూడా పరపతి అనే అంటారు. పల్లెల్లో రైతులకు రుణాలిచ్చిన సంస్థలు తరాల తరబడి 'సహకార పరపతి సంఘాలు'గానే పేరుపడ్డాయంటే, మంచిపేరునూ అప్పునూ జనం ఒకే వస్తువుకు రెండు ముఖాలుగా చూశారని అర్థం. సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకోబోయే మనిషి దుకాణం తలుపు తెరవకముందు ఏం సమకూర్చుకున్నాడన్న విషయాన్ని చరిత్రలో వెతికితే, సొమ్ముకన్నా, స్థలంకన్నా, సరుకుకన్నా ముందు ఈ పరపతే ఎదురవుతుంది. ఆ పరపతి ఎలా పుట్టేది, ఎవరి ఎదుట రుజువయ్యేది, మనుషులు ఒకరినొకరు ఎరగని కాలం వచ్చాక ఏ రూపం తీసుకుంది అన్న మూడు సంగతులనూ ఒక్కచోట గమనించడానికి హైదరాబాదు దక్షిణపు అంచున ఉన్న బాలాపూర్ వంటి ఊరు మరొకటి లేదు.

బాలాపూర్ శ్రీశైలం రోడ్డుకూ నాగార్జునసాగర్ రోడ్డుకూ నడుమ, చాంద్రాయణగుట్ట దాటిన తరువాత వస్తుంది. ఒకప్పుడు సరూర్‌నగర్ మండలంలో ఉన్న ఈ ఊరు 2016 నాటి జిల్లాల పునర్విభజనలో రంగారెడ్డి జిల్లాలో తానే ఒక మండల కేంద్రమైంది. ఒకవైపు రక్షణ పరిశోధనా సంస్థలున్న కంచన్‌బాగ్, ఇమారత్ ప్రాంతాలు, మరొకవైపు శంషాబాద్ విమానాశ్రయానికి సాగే దారులు ఉండగా, మధ్యలో పొలాలు లేఅవుట్లుగా, లేఅవుట్లు కాలనీలుగా మారుతూ వచ్చాయి. అయినా తెలుగువారికి బాలాపూర్ అనగానే గుర్తొచ్చేది ఈ భూముల ధరలు కావు, వినాయకుడి చేతిలోని 21 కిలోల లడ్డూ.

ఊళ్ళో గణేశ్ ఉత్సవ సమితి 1980లో ఏర్పడింది. మొదట్లో అన్ని ఊళ్ళలోలాగే ప్రసాదాన్ని జనానికి పంచిపెట్టేవారు. 1994లో తొలిసారి లడ్డూను వేలం వేసినప్పుడు కొలను మోహన్‌రెడ్డి అనే స్థానిక రైతు దానిని 450 రూపాయలకు పాడుకుని, ఇంటివారికీ ఊరివారికీ పంచి, కొంత తన పొలంలో చల్లుకున్నాడు. ఆ ఏడు పంట బాగా వచ్చిందన్న మాట ఊరంతా పాకడంతో మరుసటి ఏడు పాట 4,500 రూపాయలకు, అంటే సరిగ్గా పదింతలకు చేరింది. 2002లో లక్ష దాటి 1,05,000 అయింది. 2015లో 10 లక్షలు దాటింది. కరోనా వల్ల వేలమే జరగని 2020ని మినహాయిస్తే ఏటేటా పెరుగుతూ 2023 నాటికి 27 లక్షలకు చేరుకుంది. వచ్చిన సొమ్మును ఊరి గుళ్ళకూ, ఊరి అభివృద్ధి పనులకూ ఖర్చు చేయడం ఆనవాయితీ. మొదట రైతులదైన ఈ పాటలోకి క్రమంగా స్థిరాస్తి వ్యాపారులూ, ఇతర వ్యాపారులూ దిగారు. పొలంలో చల్లే ప్రసాదం కొత్త వ్యాపారానికి శ్రీకారం చుట్టే ప్రసాదమయింది.

ఇక్కడ వేలం జరిగే స్థలాన్ని ప్రత్యేకంగా గమనించాలి. నిమజ్జనం రోజు ఉదయం గణపతిని ఊరంతా ఊరేగించి, బొడ్రాయి దగ్గర ఆపి, అక్కడ పాట మొదలుపెడతారు. బొడ్రాయి అంటే ఊరు కట్టిన నాడు దాని నడిబొడ్డున పాతిన రాయి. తెలంగాణ పల్లెల్లో దానికి పసుపు కుంకుమలు పెట్టి, జలాభిషేకం చేసి, ఊరికే నాభిగా కొలుస్తారు. అక్కడ పలికిన అంకెను వెనక్కి తీసుకోవడమంటే ఊరందరి ముందూ మాట తప్పడమే. అందుకే, కొన్నేళ్ళపాటు ఈ పాటకున్న నియమం చరిత్రకారుడి కంటికి లడ్డూకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. బయటి ఊరివారు పాడుకుంటే అక్కడికక్కడే సొమ్ము కట్టాలి. ఊరివారైతే మరుసటి వినాయక చవితి వచ్చేలోగా కట్టవచ్చు. ఏడాది గడువుకు పత్రం లేదు, తాకట్టు లేదు. ఎరిగిన మనిషికి ఉద్దెర, ఎరగని మనిషికి రొక్కం అన్న, తెలంగాణ అంగళ్ళలో ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటునే ఊరు తన దేవుడి ప్రసాదానికీ వర్తింపజేసింది. ఉద్దెర అంటే అరువు. ఫలానా వారికి ఉద్దెర ఉందని ఒక దుకాణదారు అంటే, ఆ వారి మీద అతనికున్న అంచనా మొత్తం ఆ ఒక్క మాటలో చెప్పినట్టే.

లడ్డూ వల్ల వ్యాపారం కలిసివస్తుందా అన్నది నమ్మకానికి సంబంధించిన సంగతి, దానిని నమ్మేవారికే వదిలేయడం మర్యాద. పాట వల్ల జరిగే పని మాత్రం కళ్ళకు కనబడేదే. ఒక మనిషి ఊరి నడిబొడ్డున నిలబడి, తన దగ్గర ఇంత ఉందనీ, దానిని ఊరికోసం వదులుకోగలననీ, చెప్పిన గడువుకు చెల్లిస్తాననీ అందరికీ ఒక్కసారిగా తెలియజేస్తాడు. రేపు అతను సిమెంటు దుకాణం తెరిచినా, వెంచర్ వేసినా, సరుకు ఇచ్చేవారికీ, కొనేవారికీ, అప్పిచ్చేవారికీ అతనెవరో విడిగా చెప్పనక్కరలేదు. ఇంత బాహాటంగా పరపతిని చాటే ఆచారం తెలుగునాట అరుదు. అయితే అందులోని సూత్రం మాత్రం చాలా పాతది.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఈ సూత్రానికి మరోవైపును చూపిస్తుంది. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న ఆ రేవులో అంతకుముందు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును స్థానిక పాలకులు స్వాధీనం చేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకులకు సంపద ప్రాణంకన్నా మిన్న అని గుర్తించిన రాజు, వారి దగ్గర నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాతి మీద మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. వ్యాపారి తన నమ్మకాన్ని రుజువు చేసుకోవడం ఎంత అవసరమో, వ్యాపారం సాగే నేల తనను మోసగించదన్న భరోసా అతనికి అంతే అవసరమని ఈ శాసనం చెబుతుంది. ఆ భరోసా ఒక్కసారి ఇస్తే సరిపోదు గనుకనే, కొండవీటి అనపోతారెడ్డి 1358లో అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయం ఇవ్వవలసి వచ్చింది. ఆ కాలపు శాసనాల్లో 'పెక్కండ్రు' అన్న పేరుతో కనిపించే వర్తక సమూహాలు కూడా ఇలాంటి పరస్పర భరోసా మీదే నిలబడ్డాయి. సమూహంలో ఉన్నవాడి మాటకు సమూహమే పూచీ.

హైదరాబాదు రాజ్యంలో కార్వాన్, బేగంబజార్ సాహుకార్లు ఈ పూచీని కాగితం మీదికి తెచ్చారు. హుండీ అంటే ఒక ఊరి సాహుకారు మరో ఊళ్ళోని తన వాళ్ళకు, ఈ కాగితం తెచ్చినవారికి ఇంత సొమ్ము ఇవ్వమని రాసే చీటీ. దాని విలువంతా రాసిన చేతికున్న పేరులోనే ఉండేది. సొంతంగా అంగడి పెట్టుకోదలచిన యువకుడు ముందు కొన్నేళ్ళు ఒక పెద్ద దుకాణంలో గుమాస్తాగా పనిచేసి, రోజువారీ లావాదేవీలు వరసగా రాసే చిట్టానూ, వాటిని మనిషిపేరున, సరుకుపేరున విడదీసి ఎక్కించే ఆవర్జానూ నేర్చుకునేవాడు. ఆ కొలువులో అతనికి దక్కేది లెక్కల చదువు ఒక్కటే కాదు. సరుకు ఎక్కడినుంచి వస్తుందో, ఏ నెలలో గిరాకీ ఎలా ఉంటుందో, ఎవరి బాకీ వసూలవుతుందో, ఎవరిది మునుగుతుందో తెలిసేది. అంతకన్నా ముఖ్యంగా, టోకు వర్తకులు అతని ముఖాన్ని ఎరిగేవారు. బయటికి వచ్చి సొంత దుకాణం తెరిచిన నాడు మొదటి సరుకు ఉద్దెరకు దిగేది ఆ ముఖపరిచయం వల్లనే. ఇప్పటికీ తెలుగు ఊళ్ళలో ఎన్నో చిన్న దుకాణాల వెనక ఈ గుమాస్తా దశ ఉంది. దానిని ఎవరూ శిక్షణ అని పిలవరు గాని, అంతకు మించిన శిక్షణ లేదు.

సరుకు అమ్ముడవుతుందో లేదో ముందుగా చూసుకునే ఏర్పాటు హైదరాబాదుకు 1938లో వచ్చింది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం చొరవతో బాగే ఆమ్‌లో యాభై స్టాళ్ళతో మొదలైన 'నుమాయిష్ మస్‌నూఆతే ముల్కీ', అంటే స్వదేశీ వస్తువుల ప్రదర్శన, తరువాత నాంపల్లి మైదానానికి మారి పారిశ్రామిక ప్రదర్శనగా స్థిరపడింది. స్టాలు కిరాయికి తీసుకున్న చిన్న తయారీదారుకు, శాశ్వతంగా దుకాణం పెట్టకముందే, ధర విని మొహం తిప్పుకునేవారెందరో, మళ్ళీ వచ్చి అడిగేవారెందరో కళ్ళారా చూసుకునే వీలు కలిగింది.

ఇక సొమ్ము సంగతి. పరపతి ఉన్నా చేతిలో కొంత లేనిదే పని మొదలుకాదు. జీతగాళ్ళ ఇళ్ళలో, చేతిపనుల వారి ఇళ్ళలో ఆ కొంతను పోగుచేసింది చిట్టీ. ఇరవై మంది నెలకు 5,000 చొప్పున ఇరవై నెలలు వేసే చిట్టీని తీసుకుంటే, ప్రతి నెలా లక్ష రూపాయలు పోగవుతుంది. మూడో నెలలో ఒకరికి వెల్డింగ్ షాపు పెట్టుకోవడానికి సొమ్ము కావాలి. అతను పాటలో 25,000 వదులుకోవడానికి సిద్ధపడితే, మిగతావారెవరూ అంతకు మించి తగ్గకపోతే, అతని చేతికి 75,000 వస్తుంది. వదులుకున్న 25,000లో చిట్టీ నడిపేవారి కమీషన్ 5,000 పోగా, మిగిలిన 20,000ను ఇరవై మందికీ పంచుతారు గనుక ఆ నెల ఒక్కొక్కరు 5,000 బదులు 4,000 కడితే చాలు. విశేషమేమిటంటే ఇక్కడా వాడే మాట 'పాట'యే. లడ్డూ దగ్గర ఎక్కువ ఇస్తానన్నవాడిది పాట, చిట్టీ దగ్గర ఎక్కువ వదులుకుంటానన్నవాడిది పాట. పాట గెలిచినవాడు ఇంకా పదిహేడు వాయిదాలు బాకీ ఉంటాడు గనుక సొమ్ము చేతికందే ముందు జామీనుదార్లను, అంటే అతను కట్టకపోతే తాము కడతామని సంతకం పెట్టేవారిని, తెచ్చుకోవాలి. తన సొమ్ము తాను తీసుకోవడానికి కూడా తనకోసం సంతకం పెట్టే మనిషి కావలసి రావడంలో పరపతి మళ్ళీ కనిపిస్తుంది. చిట్టీ నడిపేవారు పారిపోయి కుటుంబాలు కూలిన ఉదంతాలు పెరగడంతో ఆంధ్రప్రదేశ్ 1971లోనే చిట్ ఫండ్ల చట్టం చేసింది, 1982లో కేంద్ర చట్టం వచ్చింది. ఆ కేంద్ర చట్టంలో 5 శాతంగా ఉన్న కమీషన్ పరిమితిని 2019 సవరణ 7 శాతానికి పెంచింది. రిజిస్టరు కాని చిట్టీలో వేసిన సొమ్ముకు చట్టం అండ లేదన్న సంగతి, మునిగిన తరువాత తెలుసుకున్న ఇళ్ళు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

పూచీ ఇచ్చే మనుషులు లేని బీదవారికి ఈ దారులన్నీ మూసుకుపోయేవి. 1895 నుంచి 1897 వరకు మద్రాసు ప్రభుత్వానికి నివేదికలు సమర్పించిన ఫ్రెడరిక్ నికల్సన్, జర్మనీలో రైఫైజన్ ఆరంభించిన గ్రామ సంఘాలను ఆదర్శంగా చూపింది ఇందుకే: ఎవరి దగ్గరా తాకట్టు లేకపోయినా, ఊరివారంతా ఒకరి బాకీకి మరొకరు బాధ్యులైతే ఆ బాధ్యతే తాకట్టు అవుతుంది. 1904 నాటి సహకార పరపతి చట్టం గ్రామ సంఘాలకు ఈ అపరిమిత బాధ్యతను పెట్టింది. తొంభై ఏళ్ళ తరువాత ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో డ్వాక్రా మహిళలు దాదాపు అదే పద్ధతిని తమదైన తీరులో మళ్ళీ నిలబెట్టారు. పది పదిహేను మంది ఆడవాళ్ళు కూడి, వారానికోసారో నెలకోసారో సమావేశమై, కొద్దికొద్దిగా పొదుపు చేసి, అందులోంచే ఒకరికొకరు అప్పిచ్చుకుని, ఆ పద్దులన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నారు. నాబార్డు 1992లో సంఘాలను బ్యాంకులతో జోడించే ప్రయోగం ప్రారంభించినప్పుడు, బ్యాంకు అధికారి చూసింది ఈ పుస్తకాన్నే. కిరాణా కొట్టుకో, కుట్టుమిషనుకో అప్పు కావలసిన మనిషి గేదెలను, నగలను చూపించనక్కరలేకుండా, ఎన్ని నెలలు క్రమం తప్పకుండా వచ్చిందో, తీసుకున్న అప్పు ఎప్పటికి తీర్చిందో చూపిస్తే చాలు. వేలిముద్రలున్న, అంచులు నలిగిన ఆ పద్దుల పుస్తకం హుండీకన్నా గొప్ప ఆవిష్కరణ అని చెప్పడం అతిశయోక్తి కాదు, ఎందుకంటే అది పేరే లేనివారికి పేరు సంపాదించి పెట్టింది.

ఇంతవరకు చెప్పుకున్నదంతా ఊరు, బంధువులు, సంఘం కలిసి వేసిన పునాది. మనిషి లోపలి సన్నద్ధత మీద చూపు పెట్టిన పని కూడా హైదరాబాదులోనే జరిగింది. 1960లో ఢిల్లీలో ఏర్పడి 1962లో హైదరాబాదు యూసఫ్‌గూడకు తరలివచ్చిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో ఒక ప్రయోగంతో వచ్చాడు. ఒక మనిషి వ్యాపారంలో ముందుకు పోవడానికి మూలం 'సాధన తపన', అంటే చేపట్టిన పనిని తనకు తానే పెట్టుకున్న కొలతకు మించి చేసి చూపాలన్న కోరిక అని అతని సిద్ధాంతం. ఆ కోరికను పెద్దవాళ్ళలో కూడా నేర్పి పెంచవచ్చా అని పరీక్షించడానికి కాకినాడ వ్యాపారులను చిన్న బృందాలుగా ఈ సంస్థకు రప్పించారు. పోల్చి చూడటానికి రాజమండ్రిని ఎంచుకున్నారు.

శిక్షణలోని ఒక ఆట ఇక్కడ వివరించదగింది. నేలలో పాతిన మేకుకు తాడు చుట్టలను విసిరి తగిలించాలి; ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. కొందరు మేకు పక్కనే నిలబడి ప్రతి చుట్టనూ తగిలిస్తారు, దానితో ఏమీ తేలదు. కొందరు గది అవతలి గోడ దగ్గర నిలబడతారు. తగిలితే అదృష్టం, తగలకపోతే ఎవరూ తప్పుపట్టరు. వ్యాపారంలో నిలదొక్కుకునే మనిషి మధ్యలో, కష్టపడితే తగిలేటంత దూరంలో నిలబడతాడు. తప్పిన ప్రతిసారీ ఎందుకు తప్పిందో చూసుకుని అడుగు జరుపుకుంటాడు. తరువాతి రెండేళ్ళలో శిక్షణ పొందినవారు కొత్త వ్యాపారాలు పెట్టడంలోనూ, పెట్టుబడి పెంచడంలోనూ, పనివారిని తీసుకోవడంలోనూ మిగతావారికన్నా చురుకుగా ఉన్నారని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో ప్రచురించిన గ్రంథంలో తేల్చారు. అందులోనే మరో ఫలితం ఉంది, దానిని ఎక్కువమంది పట్టించుకోలేదు: కులంగాని, సంప్రదాయ విశ్వాసాలుగాని ఎవరు ముందుకు పోతారన్నదాన్ని నిర్ణయించలేదు. పూజ చేసి దుకాణం తెరిచేవాడు లెక్కలో తక్కువవాడేమీ కాదన్నమాట. బాలాపూర్ పాటను మూఢనమ్మకమని తోసిపుచ్చేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవడం అవసరం. ఆ సంస్థ నేడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల శిక్షణ సంస్థగా అదే యూసఫ్‌గూడలో కొనసాగుతోంది.

2008 మార్చి 23న శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలయ్యాక ఈ ప్రాంతంలో పరపతి అన్న భావనే మారవలసి వచ్చింది. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయం, దాని చుట్టూ ఔటర్ రింగు రోడ్డు, తుక్కుగూడ, రావిర్యాల వైపు పారిశ్రామిక వాడలు రావడంతో గోదాములు, మెకానిక్ షాపులు, హోటళ్ళు, క్యాటరింగ్ కేంద్రాలు, చిన్న లేతు మిషన్ల కార్ఖానాలు పెట్టుకోవడానికి బయటి జిల్లాలనుంచీ, బయటి రాష్ట్రాలనుంచీ జనం వచ్చారు. వారి తాతలు ఎవరో చెప్పగలవారు ఇక్కడ లేరు. కాబట్టి పునాది పని కాగితాల మీదికి మళ్ళింది. స్థలం విషయంలో ఇది మరీ ముఖ్యం: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకోసం 1996లో వచ్చిన 111 జీవో కింద 84 గ్రామాల్లో నిర్మాణాలకు ఆంక్షలు ఉండగా, వాటిలో శంషాబాద్ పరిసరాల గ్రామాలు కూడా ఉన్నాయి. ఒక రోడ్డుకు ఇవతల కార్ఖానా పెట్టవచ్చు, అవతల పెట్టకూడదు అన్న స్థితిలో, సర్వే నెంబరు చూసుకోకుండా అడ్వాన్సు ఇచ్చినవారు పని మొదలుకాకముందే మునిగారు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను తొలగిస్తూ ఉత్తర్వు ఇచ్చినా, స్థలం పుట్టుపూర్వోత్తరాలు వెతకవలసిన అవసరం తగ్గలేదు.

మిగతా పనుల్లో ప్రభుత్వం కొంత భారం దించింది. తెలంగాణ 2014లో చేసిన టీఎస్ ఐపాస్ చట్టం అనుమతులన్నిటికీ ఒకే ద్వారం పెట్టి, గడువు విధించి, తన వివరాలు నిజమని యజమాని తానే ధ్రువీకరించే పద్ధతిని తెచ్చింది. మోటుపల్లి రాతి మీద రాజు వర్తకుడికి మాట ఇస్తే, ఇక్కడ వర్తకుడి మాటను రాజ్యం ముందుగా నమ్ముతోంది. 2015లో వచ్చిన ముద్ర పథకంలో మొదటి మెట్టయిన 'శిశు' కింద 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది. అయితే తాకట్టు అడగని బ్యాంకు సిబిల్ స్కోరు అడుగుతుంది. 300కూ 900కూ మధ్య ఉండే ఆ అంకె, ఒక మనిషి పాత అప్పులను ఎంత క్రమంగా తీర్చాడో చెప్పే లెక్క. డ్వాక్రా పుస్తకంలో పక్కింటి మనిషి రాసిన సంగతినే ఇది ఎక్కడో ఉన్న యంత్రం రాస్తుంది. తేడా ఒక్కటే: పక్కింటి మనిషికి ఆ నెల బాకీ ఎందుకు ఆగిందో, ఇంట్లో జబ్బా, చావా తెలుసు, అంకెకు తెలియదు.

ఇదే మార్పు చివరికి బొడ్రాయి దాకా వచ్చింది. పాడేవారిలో బయటివారు పెరిగి, అంకె పాతిక లక్షలు దాటాక, 2024లో బాలాపూర్ ఉత్సవ సమితి నియమాన్ని తిరగరాసింది: ఊరివారైనా, బయటివారైనా, వేలంలో నిలబడాలంటే ముందటి ఏటి పాట మొత్తాన్ని, అంటే 27 లక్షలను, ముందుగా జమ చేయాలి. ఎరిగిన మనిషికి ఉద్దెర అన్న పాత కట్టుబాటు ఆ ఏటితో ముగిసింది. ఆ సంవత్సరం లడ్డూ 30,01,000 రూపాయలకు ఊరి మనిషికే దక్కింది. 2025లో అదే నియమం కింద, అదే రాయి ఎదుట, కర్మన్‌ఘాట్‌నుంచి వచ్చిన వ్యక్తి 35 లక్షలకు పాడుకుని లడ్డూను నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు.